బీరువా భద్రంగా ఉంది

తుపాను వస్తోందంటే కోస్తా వాళ్ళు పడవలు ఒడ్డుకు లాక్కుంటారు, మా తిరుపతి వాళ్ళు పాలపాకెట్ల మీద పడతారు. సముద్రం కంటికి ఆనదు కాబట్టి ఇది మన తద్దినం కాదులే అని ఊళ్ళో ఒక ధీమా. నిజానికి నైరుతి రుతుపవనాలు మాకు పలకరించిపోయే చుట్టాలైతే, ఈశాన్యం ఇల్లరికపు అల్లుడు. అక్టోబరులో దిగితే డిసెంబరు దాకా కదలడు. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టినప్పుడల్లా అలుగుతాడు కూడా. 2021 నవంబరులో అలిగినప్పుడు ఘాట్ రోడ్లు మూతబడ్డాయి, శ్రీవారి మెట్టు దారి దెబ్బతింది, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెలు ఖాళీ చేయించారు. కొండ మీద కురిసిన నీళ్ళు స్వర్ణముఖికి పోవాలంటే మధ్యలో ఉన్నది మన వీధులే మరి.

అందుకే 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను కబురు రాగానే మా అపార్టుమెంటు సెక్రటరీ మామ నడుం బిగించారు.

మామ బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరయ్యారు. ఏ పనికైనా రిజిస్టరు, రసీదు, తాళం మూడూ ఉంటే గానీ ఆయనకు నిద్ర పట్టదు. ఫ్లాటుకు రెండొందల చొప్పున వసూలు చేసి సామగ్రి కొనుక్కొచ్చారు. టార్చిలైట్లు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, చాంతాడంత తాడు, ప్రథమ చికిత్స పెట్టె, ఓఆర్ఎస్ పాకెట్లు, క్లోరిన్ బిళ్ళలు, విజిల్, నీళ్ళు తోడే చిన్న మోటారు. అన్నిటికీ మించి ఒక లైఫ్ జాకెట్టు. నారింజ రంగుది. ఒకటే.

"ఇది ఎవురికి మామా?" అన్నాడు రెండో అంతస్తు కుర్రాడు.

"అవసరమైనోళ్ళకి."

"అందరికీ ఒకేసారి అవసరమైతే?"

మామ రిజిస్టరు మూసేశారు.

సామగ్రి మొత్తాన్ని ఇనప బీరువాలో సర్ది, జాబితాను లామినేషన్ చేయించి తలుపుకు అంటించి, తాళం మొలతాడుకు కట్టుకున్నారు. ఇంతవరకూ వంక పెట్టడానికేమీ లేదు. బీరువా ఉన్నది మాత్రం సెల్లారులో, వాచ్‌మన్ గదిలో. పక్కన జనరేటరు, ఎదురుగా మీటర్ల బోర్డు.

మూడో అంతస్తు అక్క మెల్లిగా అడిగింది. "నీళ్ళు మొదట సెల్లారులోకే గదా మామా వచ్చేది?"

"అందుకే గదమ్మా! నీళ్ళు యాడికొస్తాయో సామాను ఆడుండాల."

ఆ మాటకు ఎవరికీ వెంటనే జవాబు తట్టలేదు. ఇప్పటికీ తట్టలేదనుకోండి.

వాతావరణ శాఖ రంగులు మారుతూ వచ్చాయి. పసుపంటే గమనిస్తూ ఉండమని, నారింజంటే సిద్ధం కమ్మని, ఎరుపంటే ఇక ఆలోచించకుండా పనిలోకి దిగమని. రంగు మారినప్పుడల్లా మామ వాట్సాప్ గ్రూపులో అదే రంగు గుండ్రాలు పెట్టి, కింద "ఎవరూ ఆందోళన చెందవద్దు, సామగ్రి భద్రం" అని రాసేవారు. చివరి మెసేజీ పెట్టి, ముసలివాళ్ళను దించడానికి వీలుగా ఉంటుందని లిఫ్టును కిందికి పంపి, తలుపు తెరిపించి మరీ పడుకున్నారు. పెద్దవానలో లిఫ్టును పై అంతస్తులో ఆపి స్విచ్చి కట్టేయాలని లిఫ్టు మెకానిక్ ఏటా చెప్పే పోతాడు. రసీదు లేని సలహా కదా, రిజిస్టరుకు ఎక్కలేదు.

రాత్రి కరెంటు పోయింది. జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ఫోన్ల వెలుతుర్లో అందరం మెట్ల మీద చేరేసరికి సెల్లారు కోనేరులా ఉంది. నడుం లోతు నీళ్ళలో స్కూటర్లు సీటు వరకు మునిగి నిలబడ్డాయి. మామ పంచె ఎగ్గట్టి, తాళం చేతబట్టి, ఒక కాలు నీళ్ళలో పెట్టబోయారు.

"కాలు తియ్! మీటర్ల బోర్డు ఉండేది ఆ నీళ్ళలోనే గదా, సామీ!" అని పైమెట్టు నుంచి హెడ్మాస్టరు గారు కేక వేశారు. ఈయన రిటైరై చాలాకాలమైనా గొంతు ఇంకా సర్వీసులోనే ఉంది. మామ కాలు గాలిలోనే ఆగిపోయింది. పోయింది కరెంటే కదా అంటే ఆయన ఒప్పుకోలేదు. వీధిలో పోయిందో, మన ఫేజు ఒక్కటే పోయిందో ఎవరికి తెలుసు? 1912కు ఫోన్ చేసి, లైన్‌మన్ వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైను కట్ చేసేదాకా ఎవర్నీ దిగనివ్వలేదు. అంతసేపూ మామ చివరి మెట్టు మీద నిలబడి, బీరువా ఉన్న చీకటివైపు టార్చి వేసి చూడాలని ఉన్నా, టార్చి బీరువాలోనే ఉండడం వల్ల, ఊరికే చూస్తూ ఉన్నారు.

వాచ్‌మన్ గురించి అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. గుండె గుభేలుమంది. అతను పైనుంచి దిగొచ్చాడు, చేతిలో టీ గ్లాసుతో.

"సాయంత్రమే పెండ్లాం బిడ్డల్ని, ట్రంకుపెట్టెని అక్క వాళ్ళింట్లో పెట్టేసినా సార్. బీరువా గూడా ఎక్కిద్దామనుకుంటి. తాళం మీకాడ ఉండాది గదా, బరువుతో లేవలా."

అక్క ఇంట్లో చూస్తే అదో లోకం. కరెంటు ఉన్నప్పుడే బిందెలు, బకెట్లు, చివరికి ప్రెషర్ కుక్కరు కూడా నీళ్ళతో నింపేసింది. ఫోన్లు, పవర్ బ్యాంకు నిండా ఛార్జింగు. పొలం పాసుపుస్తకాలు, ఆధార్లు, ఇన్సూరెన్సు కాగితాలు రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి అటక మీద. ఫ్రిజ్ ఆగినా వాళ్ళింటి అన్నకు వేసే ఇన్సులిన్ చెడిపోకుండా, మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బాలో సీసా పెట్టి, ఆ డబ్బాను తడిబట్ట చుట్టిన మట్టిచట్టిలో నీళ్ళు తగలకుండా దించింది. ఇంత చేసి ఒక్క మెసేజీ కూడా పెట్టలేదు, చూడండి. మామ ఆ చట్టి చుట్టూ రెండుసార్లు తిరిగి, "దీనికి జాబితా ఏదమ్మా?" అన్నారు.

బొరుగుల్లో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తరిగేసి, పక్కన ఊరిబిండి పెట్టింది. వేయించిన చెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ బరకగా రుబ్బిన ఊరిబిండి ఉంటే చిత్తూరు వాళ్ళకు ఏ రంగు అలర్టయినా ఒకటే. అపార్టుమెంటులో సగం మంది ఆ హాల్లోనే తెల్లవార్చారు.

పొద్దున మామ గంభీరంగా నీళ్ళలోకి దిగి బీరువా తెరిచారు. మొదట బయటికి తేలుతూ వచ్చింది లైఫ్ జాకెట్టు. అది మాత్రం తన డ్యూటీ తాను చేసింది. ఓఆర్ఎస్ కలిపే శ్రమ ఎవరికీ లేకుండా కింది అరలో తయారుగా ఉంది. అగ్గిపెట్టెలు గుజ్జయ్యాయి. నీళ్ళు తోడే మోటారు అన్నిటికన్నా అడుగున, నీళ్ళలోనే. లామినేషన్ చేసిన జాబితా చెక్కుచెదరలేదు.

చివరికి చంద్రగిరి వైపు నుంచి డీజిల్ మోటారు తెప్పించి తోడించాం. వాన తెరిపిచ్చిందో లేదో మామ, బురదనీళ్ళు చేరాయని సంపు పూర్తిగా ఖాళీ చేయించబోయారు. మళ్ళీ హెడ్మాస్టరు గారి గొంతు. 2021 వరదలప్పుడు మన ఊళ్ళోనే ఒక ఇంట్లో, మనిషి దిగి కడుగుతుండగానే సిమెంటు ఉరల సంపు నేలలోంచి నిలువునా పైకి లేచిన సంగతి టీవీలో చూడలేదా అని. నేల నిండా ఊట ఉన్నప్పుడు సంపు ఖాళీ చేస్తే, కింది నీళ్ళు దాన్ని పడవలా పైకి నెట్టేస్తాయి. ఆ మాట వినగానే మామ సంపు మూత మీద నుంచి పక్కకు దూకారు. వయసుకు మించిన దూకుడే అది.

ఆదివారం మీటింగు పెట్టారు. బీరువాను ఐదో అంతస్తు పైన మిద్దె మీదికి చేర్చాలని ఏకగ్రీవంగా తీర్మానం చేసి మామ రిజిస్టరులో రాశారు. గుంతలోకి నీళ్ళు పోయి లిఫ్టు ఇంకా బాగు కాలేదు. మెట్ల మీదుగా ఎవరు మొయ్యాలన్న దగ్గర గంట నడిచింది. లైఫ్ జాకెట్టు ఎవరు తీసుకుంటారో వాళ్ళే మొయ్యాలన్నారు హెడ్మాస్టరు గారు. అప్పటినుంచి దాన్ని ఎవరికి ఇవ్వబోయినా "నాకొద్దు మామా, నాకు ఈత వస్తాది" అంటున్నారు.