బరిసె దొరికింది సరే, నేరం రుజువైందా?

“పోలీసుల విచారణలో నిందితుడు నేరం అంగీకరించాడు” అన్న వాక్యం లేని నేర వార్త మన పత్రికల్లో అరుదు. ముసుగులు తొడిగిన నిందితులను వెనుక నిలబెట్టి, స్వాధీనం చేసుకున్న కత్తినో నగలనో బల్ల మీద పరిచి అధికారులు విలేకరులతో మాట్లాడేసరికి చదువరి మనసులో కేసు ముగిసిపోతుంది. కోర్టులో మాత్రం ఆ వాక్యం విలువ సున్నా. పాత సాక్ష్య చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ ప్రకారం, పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారాన్ని నిందితుడికి వ్యతిరేకంగా రుజువు చేయడానికి వీల్లేదు. కొట్టి చెప్పించారా, తనంతట తానే చెప్పాడా, చెప్పింది నిజమా అబద్ధమా అన్న విచారణ దాకా కూడా ఇక్కడ వెళ్లనక్కర లేదు. ఇక పోలీసు నిర్బంధంలో ఉన్న వ్యక్తి బయటివారెవరితో నేరం ఒప్పుకున్నా, ఆ మాట మేజిస్ట్రేటు సమక్షంలో జరిగి ఉంటే తప్ప చెల్లదు.

ఇంతటి అపనమ్మకం చట్టానికి ఊరికే కలగలేదు. రైతుల నుంచి శిస్తు రాబట్టడానికీ, అనుమానితుల చేత నేరం ఒప్పించడానికీ మద్రాసు ప్రెసిడెన్సీలో సాగిన చిత్రహింసలపై ప్రభుత్వమే నియమించిన కమిషన్ 1855లో నివేదిక ఇచ్చింది. అప్పటి తెలుగు జిల్లాలు చాలావరకు ఆ ప్రెసిడెన్సీలోనివే. రెండు కర్రల మధ్య చేతివేళ్లు బిగించి నొక్కే ‘కిట్టి’ లాంటి పద్ధతులు ఆ నివేదికకెక్కాయి. ఆరేళ్ల తర్వాత, 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో పోలీసుల ఎదుటి నేరాంగీకారంపై నిషేధం చోటు చేసుకుంది. జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రూపొందించిన 1872 సాక్ష్య చట్టంలో అదే 25, 26 సెక్షన్లుగా స్థిరపడింది. పరాయి ప్రభుత్వం సైతం తన పోలీసుల మాటను తానే నమ్మలేక రాసుకున్న నిబంధన ఇది. స్వతంత్ర భారతం దాన్ని తొలగించలేదు, తొలగించకపోవడమే మేలైంది.

అయితే ఈ గోడకు ఒక కిటికీ ఉంది. పాత చట్టంలో అది 27వ సెక్షన్, కొత్త చట్టంలో 23వ సెక్షన్‌కు చేర్చిన మినహాయింపు. నిర్బంధంలో ఉన్న నిందితుడు ఇచ్చిన సమాచారం వల్ల ఏదైనా విషయం బయటపడితే, ఆ సమాచారంలో బయటపడిన విషయానికి స్పష్టంగా సంబంధించినంత భాగాన్ని సాక్ష్యంగా స్వీకరించవచ్చు. ఆ భాగం ఎంత అన్న ప్రశ్నకు దేశమంతా నేటికీ ఉదహరించే జవాబు నాటి గుంటూరు జిల్లాలోని ఒక పల్లె గొడవ నుంచి పుట్టిందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

పులుకూరి కోటయ్య కేసుగా న్యాయవాదులందరికీ పరిచయమైన ఆ వ్యాజ్యంలో ముద్దాయిలకు గుంటూరు సెషన్స్ కోర్టు శిక్షలు వేసింది, మద్రాసు హైకోర్టు వాటిని ఖాయం చేసింది. ముద్దాయిల్లో ఒకడు పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో చెరువు మూల దగ్గర కాపు కాసిన సంగతీ, కొట్టి చంపిన సంగతీ, బరిసెనూ కర్రనూ ఊళ్లో ఫలానావారి గడ్డివామిలో దాచిన సంగతీ, వస్తే చూపిస్తానన్న మాటా అన్నీ ఒకే ఊపిరిలో ఉన్నాయి. వామిలో బరిసె దొరికింది కనుక వాంగ్మూలమంతా చెల్లుతుందన్నది ప్రాసిక్యూషన్ వాదన. 1946 డిసెంబరులో, అప్పట్లో మనకు అత్యున్నత అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ తరఫున తీర్పు చెప్పిన సర్ జాన్ బోమాంట్ ఆ వాదనను ఒప్పుకోలేదు. బయటపడిన ‘విషయం’ అంటే వస్తువు ఒక్కటే కాదు, అది ఎక్కడి నుంచి బయటికొచ్చిందో ఆ చోటు, అది అక్కడ ఉందని నిందితుడికి తెలిసి ఉండటం. ఇంటి కప్పులో దాచిన కత్తి తీసిస్తానని ఒకడు చెబితే లోకానికి కొత్తగా తెలిసేది కత్తి కాదు, కత్తులు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఆ కత్తి అక్కడ ఉందని అతడికి తెలుసన్నదే కొత్త సంగతి. ‘దానితో పొడిచాను’ అన్న ముక్కకు కత్తి దొరకడంతో పని లేదు, కాబట్టి అది చెల్లదు. అలా చెల్లని భాగాలను పక్కన పెట్టి మిగిలిన సాక్ష్యం శిక్షకు సరిపోతుందో లేదో చూడమని కేసును మద్రాసుకు తిప్పి పంపారు.

తర్కంలో ఈ గీత కత్తి అంచులా ఉంది. ఆచరణలోనే అది మసకబారింది. మన రెండు రాష్ట్రాల్లో నిందితుడు చెప్పడం, వస్తువు దొరకడం అనే ఈ ఘట్టాన్ని ‘మధ్యవర్తుల నివేదిక’గా రాస్తారు. మధ్యవర్తులుగా తరచూ గ్రామ రెవెన్యూ సిబ్బందో, పోలీసులు పిలిస్తే రాననలేని మరొకరో ఉంటారు. నేర కథ మొత్తాన్ని రాసి, చివర ‘నా వెంట వస్తే చూపిస్తాను’ అన్న మాట చేర్చి, స్వాధీనం తంతు ముగిస్తారు. విచారణ రోజున ఆ మధ్యవర్తి బోనెక్కి, సంతకం నాదే గానీ స్టేషనులో పెట్టించుకున్నారంటే ప్రాసిక్యూషన్ కాళ్ల కింద నేల కదులుతుంది. 2022లో రామానంద్ కేసులో సుప్రీంకోర్టు ఎత్తిచూపిన లోపం ఇలాంటిదే: నిందితుడు అన్న మాటలు అన్నట్టుగానే స్వతంత్ర సాక్షుల ఎదుట నమోదు కావాలి, ఆ తర్వాతే వారిని వెంటబెట్టుకుని బయలుదేరాలి.

ఈ కిటికీని మూసేయాలన్న వాదనతో నాకు ఏకీభావం లేదు. పూడ్చిన శవం ఎక్కడుందో ఒక్కడికే తెలిసిన కేసుల్లో ఆ ఎరుకే బలమైన సాక్ష్యం. అతడే దాచి ఉండాలి, లేదా ఇంకొకరు దాచుతుండగా చూసి ఉండాలి, కాకుంటే ఎవరో చెప్పగా విని ఉండాలి. అతడు వివరణ ఇవ్వకపోతే అతడే దాచాడని కోర్టు అనుకోవచ్చని సుప్రీంకోర్టు 1999లో చెప్పింది కూడా. ఈ మినహాయింపు, నిందితుణ్ణి తనపై తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టరాదన్న రాజ్యాంగంలోని 20(3) అధికరణకు విరుద్ధం కాదని 1961లో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది, కాకపోతే బలవంతం ఉండకూడదన్నది అందులోని షరతు. నా అభ్యంతరమల్లా ఆ షరతు పాటించారో లేదో తెలుసుకునే దారి చట్టంలో లేకపోవడం మీదే.

మేజిస్ట్రేటు నేరాంగీకారం నమోదు చేసేటప్పుడు, ఒప్పుకోవాల్సిన బాధ్యత లేదని నిందితుడికి ముందే చెప్పాలి, అతడి న్యాయవాది సమక్షంలో వీడియో కూడా తీయవచ్చు. స్టేషనులోని నిందితుడికి అలాంటి హెచ్చరిక ఏదీ లేదు. నూట యాభై ఏళ్ల చట్టాన్ని తిరగరాసే అవకాశం వచ్చినప్పుడు 25, 26, 27 సెక్షన్లను ఒకే సెక్షన్ కిందికి చేర్చారే తప్ప ఒక్క రక్షణా జోడించలేదు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ సోదానూ స్వాధీనాన్నీ వీడియో తీయడం తప్పనిసరి చేసిన మాట నిజమే. కానీ గడ్డివామి దగ్గర కెమెరా తెరుచుకునే సరికి అసలు మాట స్టేషనులో ఎప్పుడో అయిపోయి ఉంటుంది. పోలీసు స్టేషన్లలో ధ్వని సహా నమోదు చేసే సీసీ కెమెరాలు ఉండాలని సుప్రీంకోర్టు 2020లోనే ఆదేశించింది గనక, రికార్డింగును ‘చూపిస్తాను’ అన్న మాట దగ్గర నుంచే మొదలుపెట్టి ఛార్జిషీటుతో జత చేయించడానికి పార్లమెంటు దాకా పోనక్కర లేదు, డీజీపీ సర్క్యులర్ ఒక్కటి చాలు.