కళ్లు మూసుకున్నా కాలెక్కడుందో తెలిసేది ఎలా?

స్పర్శ మీద మీరు వేసిన వ్యాసం బాగుంది గానీ అంతా చర్మం పనే అన్నట్టు రాశారు. మా ధర్మవరంలో మగ్గం గుంటలో కూర్చున్న నేతగాడు కిందికి చూడకుండానే కాళ్లతో తొక్కుతుంటాడు, కాలు ఎక్కడుందో మెదడుకు చెప్పేది ముఖ్యంగా కండరం ఎంత సాగిందో కనిపెట్టే గ్రాహకాలు, అవి కండరాల్లోనే ఉంటాయి. స్పర్శకూ, ఇలా కాలి జాడ తెలియడానికీ కీలకం పియెజో2 అనే ప్రొటీనే. దాన్ని కనుక్కున్న శాస్త్రవేత్త ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021లో వైద్య నోబెల్‌లో వాటా వచ్చింది.

ఇంకోటి, కంపనం. చర్మం లోతుల్లో ఉండే పసీనియన్ గ్రాహకాలు దాన్ని పసిగడతాయి. షుగర్‌తో నరాలు దెబ్బతింటే ఆ కబురు మెదడుకు చేరదు, నొప్పి కూడా తెలియకపోవచ్చు. మా నాన్నకు చెప్పులో రాయి గుచ్చుకుని రక్తం కారుతున్నా తెలియలేదు, మేం చూసి చెప్పాల్సి వచ్చింది. డాక్టరు 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ను (కొడితే కంపించే లోహపు పనిముట్టు) కాలి బొటనవేలి ఎముకకు ఆనించి, ఆ కంపనం తెలుస్తోందో లేదో చూస్తారు, నిమిషం పని. షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారైనా అడిగి మరీ చేయించుకోండి.