గలగలా మాట్లాడేవారే కొత్తది కనిపెడతారా?

"గలగలా మాట్లాడే ఉద్యోగుల వల్లే కొత్త ఆలోచనలు వస్తాయి, ముభావులు తెలిసింది దాచుకుంటారు, కాబట్టి వ్యక్తిత్వ పరీక్ష పెట్టి మనుషులను ఏరుకుంటే చాలు" అనే మాట ఉద్యోగుల వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఈ మూడు వాదాల్లో ఏదీ నిలవదు.

మొదటిది తేలిగ్గానే వీగిపోతుంది. సృజనతో ఎక్కువ సంబంధం ఉన్న గుణం కొత్త అనుభవాలను ఆహ్వానించే మనస్తత్వమే తప్ప కలుపుగోలుతనం కాదని మనస్తత్వ శాస్త్ర పరిశోధనలు చెబుతున్నాయి. పైగా, కలిసి కూర్చుని చర్చించిన బృందం కంటే అంతే మంది విడివిడిగా ఆలోచించినప్పుడే ఎక్కువ ఆలోచనలు వచ్చాయని 1958లో యేల్ విశ్వవిద్యాలయ ప్రయోగం చూపింది. ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు తమ వంతు కోసం ఆగాల్సి రావడమే ఇందుకు ముఖ్య కారణమని 1987లో డీల్, స్ట్రోబె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తేల్చారు.

ఇక దాచుకోవడం. తెలియనట్టు నటించడం, అడిగింది కాక మరొకటి చెప్పి దాటవేయడం, ఫలానా కారణంగా చెప్పలేనని తప్పుకోవడం అనే మూడు రూపాలను 2012లో కెనడా పరిశోధకులు గుర్తించారు. అడిగినవారిపై అపనమ్మకం ఉన్నచోట ఈ ధోరణి పెరుగుతుందని కూడా చూపారు. పక్క సీటువాడి రేటింగ్ పెరిగితే తన ఇంక్రిమెంట్ తగ్గే ఆఫీసులో ఎంతటి వాచాలుడైనా కీలకమైన కిటుకు దగ్గర నోరు కట్టేసుకుంటాడు.

ఏరుకుంటే చాలన్న మూడో వాదమే అన్నిటికంటే నష్టం చేసేది. అమెరికాకు చెందిన త్రీఎం సంస్థలో శాస్త్రవేత్త స్పెన్సర్ సిల్వర్ 1968లో అతికీ అతకని జిగురు తయారు చేశాడు. దాని ఉపయోగమేమిటో తనకే తెలియక, ఏళ్ల తరబడి సంస్థలోని సహోద్యోగులకు దాని గురించి చెబుతూ వచ్చాడు. ఆ ప్రసంగాల్లో ఒకటి విన్న సహోద్యోగి ఆర్ట్ ఫ్రై, చర్చి గాయకబృందంలో పాడుతూ, పాటల పుస్తకంలో గుర్తుగా పెట్టిన కాగితం ముక్కలు జారిపోతుంటే విసిగి, 1974లో ఆ జిగురును గుర్తు చేసుకున్నాడు. అలా పుట్టిన పోస్ట్-ఇట్, అంటే అంటించి తేలిగ్గా తీసేయగల చీటీలు, అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది 1980లో. సిల్వర్ ఒక్కడి స్వభావాన్ని ఎంత కొలిచినా ఈ ఫలితాన్ని ఎవరూ ఊహించలేకపోయేవారు. పనికిరానిదనిపించిన విషయాన్ని కూడా నలుగురికీ చెప్పే వీలును ఆ సంస్థ కల్పించింది.

స్వభావానికి పాత్రే లేదనడం నా ఉద్దేశం కాదు. అయితే జిరాక్స్ కంపెనీలో మరమ్మతు చిట్కాలను అందరికీ అందించే యురేకా అనే వ్యవస్థ రూపొందుతున్నప్పుడు మరమ్మతు సిబ్బంది అడిగింది డబ్బు కాదు, చిట్కా కింద రాసినవారి పేరు ఉండాలని. ఆ ఏర్పాటు చేయడానికి ఏ వ్యక్తిత్వ పరీక్షా అక్కర్లేదు.