ఫంక్షన్ హాల్లో పట్టాభిషేకం

పెళ్లిళ్ల సీజన్ అయిపోవస్తోంది. ఖాళీ అయిన ఫంక్షన్ హాళ్లలోకి డాక్టరేట్లు దిగుతున్నాయి. మా డెస్క్ మీద ఓ రంగుల కరపత్రం పడి ఉంది. దైవజనులకు, బిషప్పులకు, సువార్తికులకు గౌరవ డాక్టరేట్ల ప్రదానమట. నల్ల గౌను, కుచ్చు టోపీ, ఫ్రేము కట్టిన సర్టిఫికెట్, కుటుంబంతో ఫొటో, మధ్యాహ్నం బిర్యానీ. ఏం చదవాలో రాయలేదు. ఎంత కట్టాలో కూడా రాయలేదు. ఫోన్ నంబరు మాత్రం మూడు చోట్ల అచ్చు వేశారు. విశ్వవిద్యాలయానికి ఇంగ్లిష్ పేరు ఉంది గానీ, అది ఏ దేశంలో ఉందో వెతికినా కనపడదు.

ఇలాంటి కరపత్రాలు మాకు కొత్త కాదు. ఈసారి కోపం తెప్పించింది కింద వరుసగా ఉన్న ముఖ్య అతిథుల ఫొటోలు. వారిలో కొందరు నిజంగానే చదువుకున్నవారు. హాస్టల్ గదుల్లో గ్రీకు, హీబ్రూ వ్యాకరణాలతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టి క్రైస్తవ వేదాంతంలో (థియాలజీలో) బీడీ పట్టా తెచ్చుకున్నవారు. వారే ఇప్పుడు వేదికెక్కి, ఒక్క పేజీ థీసిస్ రాయనివారి నెత్తిన టోపీలు పెట్టబోతున్నారు. కొనేవాడు ఒక తప్పు చేస్తున్నాడు. చదువంటే ఏమిటో తెలిసి కూడా ఆ కొనుగోలుకు సాక్షిగా నిలబడేవారిని ఏమనాలి?

ఇదే రోజుల్లో డిగ్రీ పాసైన కుర్రాడో, అమ్మాయో చర్చి సేవలోకి వెళ్లాలా, వెళ్తే ఎక్కడ చదవాలి అని ఆలోచిస్తూ ఉంటారు. మన దగ్గర ఇలా వచ్చేవారిలో చాలామంది తమ ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవారు. అడగడానికి వేరే దిక్కు ఉండదు, ఊళ్లో పాస్టరు గారినే అడుగుతారు. ఆయన ఇంటి ముందు ఫ్లెక్సీ మీద పేరుకు ముందు ‘రెవ. డాక్టర్’ అని ఉంటుంది. నిరుడు లేదు, ఈ ఏడాది ఉంది. మధ్యలో ఆయన ఏ కాలేజీకీ వెళ్లలేదని సంఘంలో అందరికీ తెలుసు. ఆ కుర్రాడికి ఆయన చెప్పే సలహా వినబడదు. ఆ ఫ్లెక్సీ చెప్పేదే వినబడుతుంది.

చట్టం ఏమంటోందో చూద్దాం. 1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఈ దేశంలో డిగ్రీ ఇచ్చే హక్కు చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ సంస్థలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన సంస్థలకే ఉంది. ఆ హక్కు లేనివాటి జాబితాను యూజీసీ ఎప్పటికప్పుడు బయటపెడుతూనే ఉంది. 2023 ఆగస్టులో ఇచ్చిన జాబితాలో దేశం మొత్తం మీద 20 పేర్లున్నాయి. ఆంధ్రప్రదేశ్ కింద రెండు. ఒకదాని చిరునామా గుంటూరు, మరోదానిది విశాఖపట్నం. ఒకదాని పేరు క్రీస్తుతో మొదలవుతుంది, రెండోదాని పేరు బైబిల్‌తో మొదలవుతుంది. ఇంజినీరింగ్ కాలేజీలు, మెడికల్ కాలేజీలు, బీఈడీ కాలేజీలు ఇన్ని ఉన్న రాష్ట్రంలో నకిలీ జాబితాకెక్కిన రెండూ వేదాంత విద్య పేరు పెట్టుకున్నవే కావడం చూసి సంఘ పెద్దలు సిగ్గుపడాల్సింది. ఖండన ప్రకటనలు మా డెస్క్‌కు కుప్పలుగా వస్తుంటాయి. ఈ విషయం మీద ఒక్కటీ వచ్చినట్టు మాకు గుర్తు లేదు.

శిక్ష సంగతి చెబితే నవ్వొస్తుంది. అదే చట్టం 24వ సెక్షన్ ప్రకారం గరిష్ఠ జరిమానా వెయ్యి రూపాయలు. 1956లో అది పెద్ద మొత్తమే. ఈ రోజు ఆ కార్యక్రమంలో పూలదండల ఖర్చుకు కూడా చాలదు. పార్లమెంటు ఈ అంకెను మార్చకుండా ఇన్నేళ్లు ఎందుకు కూర్చుందో వేరే సంపాదకీయం రాయాల్సిన విషయం.

అవతలి వాదన కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాం. సేవకు పిలుపు ముఖ్యం, పట్టా కాదు. క్రీస్తు శిష్యులు పేతురు, యోహాను విద్యలేని పామరులేనని బైబిల్‌లోని అపొస్తలుల కార్యములే చెబుతోంది. పల్లెల్లో పట్టా లేకుండా జీవితాలు ధారపోసిన సేవకులు ఎందరో ఉన్నారు అంటారు. నిజమే. వారికి మేమూ నమస్కరిస్తాం. కానీ పేతురు తన పేరుకు ముందు డాక్టర్ అని రాసుకోలేదు. పట్టా అక్కర్లేదని ఆదివారం ప్రసంగంలో చెప్పి, సోమవారం డబ్బు కట్టి పట్టా తెచ్చుకునే మనిషికి పేతురు పేరెత్తే అర్హత ఎక్కడిది? అక్కర్లేనిదైతే ఎందుకు కొన్నట్టు? అవసరమైతే ఎందుకు చదవనట్టు? ఈ రెండు ప్రశ్నల మధ్య మూడో దారి లేదు.

ఇంగ్లండ్ నుంచి బెంగాల్‌కు వచ్చిన మిషనరీ విలియం కెరీని కూడా తరచూ సాక్ష్యానికి పిలుస్తుంటారు. ఆయన చెప్పులు కుట్టిన మనిషి, ఏ కాలేజీలోనూ చదవలేదు. 1807లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, అదీ నిజమే. అప్పటికి ఆయన బెంగాలీలోకి కొత్త నిబంధన తెచ్చాడు, సంస్కృత వ్యాకరణం రాశాడు. తర్వాత 1814లో తెలుగు వ్యాకరణం కూడా అచ్చు వేశాడు. 1818లో, బెంగాల్‌లో అప్పట్లో డెన్మార్క్ చేతిలో ఉన్న సెరంపూర్‌లోని ప్రెస్ నుంచి తెలుగు కొత్త నిబంధన వచ్చింది. మన కరపత్రంలోని అభ్యర్థులు ఏ భాషకు వ్యాకరణం రాశారో చెబితే మేమూ వెళ్లి బిర్యానీ తిని వస్తాం.

చదువు లేని ఆ కెరీ 1818లో తోటి మిషనరీలు మార్ష్‌మన్, వార్డ్‌లతో కలిసి సెరంపూర్‌లో కట్టింది కాలేజీనే. 1827లో డెన్మార్క్ రాజు ఆరో ఫ్రెడరిక్ ఇచ్చిన చార్టర్‌తో సెరంపూర్‌కు డిగ్రీలిచ్చే అధికారం వచ్చింది. 1918లో బెంగాల్ చట్టంతో అది గట్టిపడింది. నేడు హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల, 1910లో మొదలైన బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీ, చెన్నై గురుకుల్ వంటివన్నీ డిగ్రీలిచ్చే ఆ సెరంపూర్ సెనేట్ గొడుగు కిందివే. మన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల పుట్టుకే ఓ పాఠం. ఎవరి బడి వారిదే అనుకున్న బాప్టిస్టులు, లూథరన్లు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వారు, మెథడిస్టులు పంతాలు పక్కన పెట్టి 1964లో రాజమండ్రిలో ఒక్కటయ్యారు. తర్వాత అది హైదరాబాద్ లోయర్ ట్యాంక్‌బండ్‌కు మారింది. డినామినేషన్ల (చర్చి శాఖల) గొడవలు దాటి పెద్దలు ఒక కాలేజీ కోసం కలిశారు. ఇప్పటి పెద్దలు ఫంక్షన్ హాల్లో ఫొటో కోసం కలుస్తున్నారు.

అసలు చదువు ఎంత బరువో తెలియకపోతే ఈ మోసం ఎంతటిదో తెలియదు. బీడీ అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ (ఊళ్లో ఆ పేరు చెబితే చుట్ట, బీడీ జోకులు తప్పవు, ఆ విద్యార్థులకు అలవాటే). డిగ్రీ చేసినవారికి నాలుగేళ్లు, ఇంటర్ వారికి ఐదేళ్లు. పాత నిబంధన, కొత్త నిబంధన, సంఘ చరిత్ర, ఇతర మతాలు, దళిత వేదాంతం, స్త్రీ అధ్యయనాలు, ఆదివారాలు ఏదో ఒక సంఘంలో ప్రాక్టికల్. పరీక్షలు ఇంగ్లిష్‌లో, ప్రసంగం తెలుగులో. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు మొదటి ఏడాది ఎంత టెన్షనో వారినే అడగండి. ఆ తర్వాత ఎంటీహెచ్ (మాస్టర్ ఆఫ్ థియాలజీ) రెండేళ్లు. పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకునేసరికి తల నెరుస్తుంది. కతోలిక గురువుల దారి ఇంకా పొడుగు: తత్వశాస్త్రం, వేదాంతం కలిపి సెమినరీలోనే యవ్వనమంతా గడుస్తుంది. ఇదంతా చేసి వచ్చినవాడి పేరు ముందూ అదే ‘డాక్టర్’, మధ్యాహ్నం బిర్యానీ తిని వచ్చినవాడి పేరు ముందూ అదే ‘డాక్టర్’. గోడ మీది పోస్టర్‌లో ఇద్దరి అక్షరాలదీ ఒకటే సైజు.

సేవ కోసం చదివేవారికి, బోధన కోసం చదివేవారికి దారులు వేరు. ఆ తేడా కూడా ఎవరూ సూటిగా చెప్పడం లేదు. పాస్టరు కావాలంటే బీడీ చేతికొచ్చినంత మాత్రాన సరిపోదు. డయాసిస్ (బిషప్ కింది ప్రాంతీయ సంఘం) లేదా సినడ్ (సంఘ పాలక సభ) అభ్యర్థిగా ముందే ఒప్పుకోవాలి, సిఫారసు చేయాలి, చదువు అయ్యాక అభిషేకం, అంటే పాస్టరుగా అధికారిక నియామకం, ఇవ్వాలి. ఆ లేఖ లేకుండా సొంత ఖర్చుతో చదివినవాడు పట్టా పట్టుకుని గుమ్మాల చుట్టూ తిరగాల్సి వస్తుంది. కాబట్టి కాలేజీ ఫారం నింపకముందే సంఘం నుంచి మాట కాదు, కాగితం తీసుకోవాలి. అమ్మాయిలైతే ఇంకోటి కూడా అడగాలి: మీ సంఘం స్త్రీలకు అభిషేకం ఇస్తుందా? సీఎస్ఐలో 2013లో పుష్పలలిత నంద్యాల బిషప్ అయ్యారు, ఆ సంఘంలో ఆ పదవికి వచ్చిన తొలి మహిళ ఆమె. అదే నంద్యాల చుట్టుపక్కల ఆడవారిని ప్రసంగ వేదిక ఎక్కనివ్వని సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి.

బోధనవైపు వెళ్లాలనుకునేవారికి లెక్క మరీ కఠినం. వేదాంత కళాశాలలు కొన్నే, అందులో ఖాళీలు ఇంకా కొన్నే. వాటిలోనూ ఏ డినామినేషన్ వాటా ఎంత అనే లెక్కలుంటాయి. మామూలు విశ్వవిద్యాలయాలవైపు చూస్తే మద్రాసు విశ్వవిద్యాలయంలో, మైసూరులో క్రైస్తవ అధ్యయనాల శాఖలున్నాయి. కానీ వేదాంత పట్టాను ఏ విశ్వవిద్యాలయం దేనికి సమానంగా ఒప్పుకుంటుందో అక్కడి రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోకుండా ఐదేళ్లు పెట్టడం ప్రమాదం. ఆసియా థియలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న ఎండివ్‌లు (మాస్టర్ ఆఫ్ డివినిటీ) కూడా మంచి చదువే, సంఘాల్లో వాటికి విలువ ఉంది. ప్రభుత్వ ఉద్యోగానికో, వర్సిటీ పీహెచ్‌డీకో పనికొస్తాయా అన్నది వేరే ప్రశ్న. కాలేజీ బ్రోషర్ రెండింటినీ కలిపి రాస్తే, విడదీసి అడగాల్సింది విద్యార్థే.

అమెరికా సంగతి రెండు ముక్కల్లో. అక్కడ ఎండివ్ మూడేళ్లు. విద్యార్థి వీసా మీద వెళ్లి, తర్వాత మత సేవకుల ఆర్-1 వీసాకు మారొచ్చని ఏజెంట్లు ఊరిస్తారు. ఆ వీసా గరిష్ఠంగా ఐదేళ్లే, అదీ కనీసం రెండేళ్లుగా ఆ డినామినేషన్‌లో సభ్యత్వం ఉన్నవారికే. ప్రొఫెసర్ కొలువుల గురించి చెప్పాలంటే, 1807 నుంచి నడిచిన ఆండోవర్ న్యూటన్ సెమినరీయే విద్యార్థులు చాలక సొంత క్యాంపస్ అమ్ముకుని 2017లో యేల్ విశ్వవిద్యాలయం నీడకు చేరింది. అప్పు చేసి విమానం ఎక్కేవారు ఇది తెలుసుకుని ఎక్కాలి.

ఇంత కష్టమైన దారి ఎంచుకోమని పిల్లలకు చెప్పాల్సింది ఎవరు? ముందు వరుసలో కూర్చునే పెద్దలు. ఆ ముందు వరుసే అడ్డదారిలో నడుస్తుంటే వెనక వరుసకు ఏం నేర్పుతారు? సెమినరీ లైబ్రరీలో రాత్రి పదకొండింటికి హీబ్రూ క్రియాపదాలు బట్టీ పడుతున్న కుర్రాడికి, వాళ్ల పాస్టరు గారు టోపీ పెట్టుకున్న ఫొటో వాట్సాప్‌లో వస్తుంది. కింద రెండొందల ‘ప్రైజ్ ది లార్డ్’లు. వాడు పుస్తకం మూసేస్తే తప్పు వాడిదా?

డబ్బిచ్చి వరం కొనబోయిన గారడీ సీమోను కథ అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయంలో ఉంది. అతనికి పేతురు ఏం చెప్పాడో ఆ వేదిక మీది అతిథులకు మేం గుర్తు చేయాలా? వారు ఆ వాక్యం మీదే ఎన్నోసార్లు ప్రసంగించి ఉంటారు. డబ్బు పుచ్చుకుని సీమోను చేతికి ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ ఇచ్చే పేతురు మాత్రం ఆ పుస్తకంలో లేడు.

ఒకరు మాతో ఫోన్‌లో అన్నారు: ‘అవి గౌరవ డాక్టరేట్లేనండీ, ఎవరినీ మోసం చేయడం లేదు’ అని. అయితే పేరు ముందు ‘గౌరవ’ అని ఎందుకు రాయరు? ఆ మాట ఫ్లెక్సీ మీదికి రాకుండా ఎక్కడ జారిపోతోంది? స్వస్థత సభకు వచ్చే రోగుల్లో ‘డాక్టర్’ అంటే వైద్యుడే అనుకునే ముసలమ్మ ఉంటుందని నిర్వాహకులకు తెలియదా? తెలుసు. తెలిసే రాస్తారు.

ఇంకొద్ది రోజుల్లో డయాసిస్‌లలో, సినడ్ ఆఫీసుల్లో కొత్త వేదాంత విద్యార్థుల ఇంటర్వ్యూలు మొదలవుతాయి. ఆ బల్ల అవతల కూర్చునే పెద్దలు ఇంటర్ మార్కుల మెమోలో ఒక్క మార్కు తేడా ఉన్నా అటెస్టేషన్ అడుగుతారు, నోటరీ అడుగుతారు, ఒరిజినల్ అడుగుతారు. అడగండి, తప్పు లేదు. కానీ ఆ పిల్లల్ని లోపలికి పిలిచే ముందు మీ పేరు ముందున్న ‘డాక్టర్’ తాలూకు ఒరిజినల్ తీసి అదే బల్ల మీద పెట్టండి. చూపించలేని వారు ఆ రోజు ఇంటర్వ్యూకు రావద్దు.