గార్ఫంకెల్ తర్వాతి సైమన్ ఏడీ?

అమెరికన్ గాయకుడు, పాటల రచయిత పాల్ సైమన్ మీద మీరు వేసిన వ్యాసం బాగుంది గానీ, ముప్పాతిక భాగం జోడీ గాయకుడు ఆర్ట్ గార్ఫంకెల్‌తో పాడిన రోజులకే సరిపోయింది. వాళ్లు విడిపోయింది 1970లో. అసలు సైమన్ ఆ తర్వాతే కదండీ! 1985లో దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్ వెళ్లి, అక్కడి వాద్యకారులతో ముందు సంగీతం రికార్డు చేసుకుని, సాహిత్యం తర్వాత రాసుకున్నారు. అదే 1986లో వచ్చిన ‘గ్రేస్‌ల్యాండ్’ ఆల్బమ్. అందులో ‘యూ కెన్ కాల్ మీ ఆల్’ పాటలో అక్కడి వాద్యకారుడు బాకితి కుమాలో బేస్ గిటార్ ఒక్కటే మోగే ఆ రెండు క్షణాలు వినండి. ఆ ముక్కలో రెండో సగం, మొదటి సగాన్నే వెనక్కి తిప్పి అతికించింది! ఎన్నిసార్లు విన్నా ఒళ్లు పులకరిస్తుంది. వర్ణవివక్ష రోజుల్లో కళాకారులెవరూ దక్షిణాఫ్రికాతో కలిసి పనిచేయకూడదన్న సాంస్కృతిక బహిష్కరణను కాదని వెళ్లారన్న విమర్శ కూడా చిన్నదేం కాదు, అదీ రాయాల్సింది. 81 ఏళ్ల వయసులో, ఎడమ చెవి వినికిడి దెబ్బతిన్నా, ఆగకుండా 33 నిమిషాలు సాగే ‘సెవెన్ సామ్స్’ (2023) ఆల్బమ్ ఇచ్చారాయన. దాని గురించి ఒక్క పేరా అయినా చేర్చండి.