రక్తం కారదని రాసిస్తేనే సంతకం

మన తిరుపతోళ్ళకి స్కాన్ రిపోర్ట్ కన్నా గోడ మీద క్యాలెండర్ అంటేనే నమ్మకం, తప్పేం లేదు, ఊరే అలాంటిది. అందుకే పెద్దాయనకి పక్షవాతం వచ్చి మూతి వంకర పోయి కుడి చెయ్యి పడిపోయినా మనం కంగారు పడం. ముందు సోడా తాగిస్తాం, మింగలేని మనిషికి సోడా ఏందని ఎవడైనా అడిగితే వాడే తేడా మనిషి. తర్వాత మంగళం నుంచి బావమరిది రావాల, ఆయన వచ్చేలోపు రాహుకాలం తగులుకుంటుంది. మెదడుకి పోయే పెద్ద రక్తనాళం రక్తపు గడ్డ అడ్డుపడి మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల మెదడు కణాలు పోతాయని 2006లో లెక్క కట్టినారు, రాహుకాలం గంటన్నర, అంటే 17 కోట్లు. పోతే పోయినాయిలే, మంచి టైమ్‌లో బయల్దేరామా లేదా అదీ ముఖ్యం. పైగా కొందరికి 24 గంటల దాకా గడ్డ తియ్యొచ్చని 2018లో తేలిందంట, ఆ "కొందరికి" అన్న ముక్క ఒదిలేసి మిగతాది మాత్రం మన పెద్దన్నకి కంఠతా వచ్చు.

ఇంత పద్ధతిగా ఆస్పత్రికి చేరినాక, తొడ దగ్గర్నుంచి సన్న గొట్టం పంపి గడ్డ లాగేస్తాం, సంతకం పెట్టండి అంటాడు డాక్టరు. అప్పుడు లేస్తుంది అసలు ప్రశ్న: "లాగినాక మెదడులో రక్తం కారదని రాసిస్తారా సార్?"

ఐదు పెద్ద ట్రయల్స్ కలిపి 2016లో చూస్తే, మనిషికి తేడా చేసేంత రక్తస్రావం గడ్డ తీసినోళ్ళలో 4.4 శాతం, తియ్యనోళ్ళలో 4.3 శాతం. శాతాలు మనకెందుకప్పా, మా నాయనకి కారతాదా కారదా అది చెప్పమను.

దానికీ స్కోర్లు ఉండాయి. ట్యాగ్ అని ఒకటుంది, స్కాన్‌లో మెదడు ఎంత చెడిందో చూస్తుంది (మన సోడా, మన రాహుకాలం మార్కులు ఇక్కడ పడతాయి), షుగర్ చూస్తుంది, లడ్డు ప్రసాదం కాబట్టి షుగర్ ఎక్కదు అనే మన సిద్ధాంతం మాత్రం దానికి తెలీదు పాపం. మూడోది, గడ్డ తీసినాక రక్తం ఎంతవరకు తిరిగి పారింది. తీసినాక! మనం అడిగేది తియ్యకముందు, జవాబు వచ్చేది తీసినాక, పెళ్ళయినాక జాతకాలు కలిపినట్టు. నిజం చెప్పాలంటే ఆ స్కోరు మన సంతకం కోసం కాదు, ఐసీయూలో వాళ్ళ జాగ్రత్త కోసం. ఎవరి మీద ఎక్కువ కన్నేసి ఉంచాల, మళ్ళీ స్కాన్ ఎప్పుడు, రక్తం పలచన చేసే మందు ఎప్పుడు మొదలెట్టాల అనేదానికి. బీపీ మామూలుగా 180/105 దాటనియ్యరు, అట్లని బాగా దించేస్తే మంచిదేమో అంటే అదీ కాదు, పై అంకెని 120 కిందకి దించి చూస్తే కోలుకోవడం దెబ్బతినిందని 2022లో తేలింది.

ఇంకో చిక్కుంది. గడ్డ తీసిన వెంటనే స్కాన్‌లో తెల్లగా ఏదైనా కనపడితే అది రక్తమా, రక్తనాళాలు కనపడేదానికి లోపలికి పంపిన డైయా అనేది మామూలు సీటీలో డాక్టర్లకే చప్పున తేలదు, ఒక రోజు ఆగి మళ్ళీ తీస్తే డై అయితే చాలావరకు పోయుంటుంది, రక్తమైతే అట్లే ఉంటుంది. ఈలోపు ఆ ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పడి, ఓటింగ్ కూడా అయిపోయి, రక్తమే అని మెజారిటీతో తీర్మానం పాసైంది, డై అన్న ఒక్క ఓటూ నర్సింగ్ చదివే చిన్నమ్మాయిది, పిల్లలకేం తెలుస్తుందిలే అని దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.