సముద్రంలో తిరిగేది బోరుబండి కాదు

నిన్న రాత్రి ఒంగోలులో ఒక పెళ్లి విందులో, పది మంది వింటూ ఉండగా, వరుసకు మామయ్య అయ్యే పెద్దమనిషి ఒకరు "ఏం అల్లుడూ, సముద్రంలో నీ బోరుబండి బాగా తిరుగుతోందా? ఎన్ని అడుగులు దించారేమిటి?" అని అడిగి, ఎవరూ నవ్వకముందే తానే నవ్వుకున్నారు. పెద్దవారని అక్కడ నోరు మూసుకున్నాను. ఇక్కడ మూసుకోవలసిన అవసరం లేదు.

కనిగిరి, పామూరు వైపు పుట్టిన మనకు బోరంటే నిట్టనిలువుగా దిగేదే, ఎన్ని అడుగులు దిగితే అంత గొప్పే. సముద్రం కింది చమురు కోసం మేము చేసే పనిలో మాత్రం అసలు ప్రశ్న అడ్డంగా ఎంత దూరం వెళ్లామన్నది. ఇంగ్లండులోని విచ్ ఫామ్ క్షేత్రంలో చమురు సుమారు 1,600 మీటర్ల లోతులోనే ఉన్నా, అందులో కొంత భాగం పూల్ బే సముద్రం అడుగుకు విస్తరించి ఉంది. సముద్రంలో కృత్రిమ దీవి కట్టాలన్న ఆలోచనను పక్కన పెట్టి, బీపీ సంస్థ ఒడ్డు మీదే రిగ్గు నిలిపి, 1999లో ఒక బావిని 10.7 కిలోమీటర్లు అడ్డంగా నడిపించింది. ఒంగోలు నుంచి కొత్తపట్నం తీరానికి వెళ్లే దారిలో సగానికి పైగా దూరం అది. రష్యాలోని సఖాలిన్ దీవి దగ్గర ఒడొప్టు క్షేత్రంలో 2011లో తవ్విన బావి మొత్తం పొడవు 12,345 మీటర్లయితే, అందులో అడ్డంగా సాగిన దూరమే 11,475 మీటర్లు. ఇదంతా మామయ్య దృష్టిలో బోరుబండి పని.

నిలువు బోరులో పైపు బరువే రాతిని తొలిచే మొనను, అంటే బిట్‌ను కిందికి నొక్కుతుంది. అడ్డంగా పడుకున్న పైపు బావి అడుగు గోడకు రాసుకుంటూ ఆ బరువునంతా రాపిడికే ధారపోస్తుంది కనుక, వెనక నుంచి ఎంత తోసినా, తడిసిన నులకతాడును సందులోకి తోసినట్టు, మెలికలు తిరిగి బిగుసుకుపోతుంది తప్ప ముందుకు కదలదు. అందుకే పైపు మొత్తాన్ని తిప్పుతూనే దిశ మార్చగలిగే పరికరాలు, రాపిడి తగ్గించే నూనె ఆధారిత మడ్ (పైపులోంచి పంపితే రాతి పొడిని పైకి తెచ్చే చిక్కటి ద్రవం), లోపలి భాగంలో గాలి నింపి తేలికచేసి దించే కేసింగ్ (బావి గోడకు ఆసరాగా నిలిచే ఉక్కు గొట్టం) వంటివి వచ్చాయి. బిట్ నలిపిన రాతి పొడి కింది గోడ మీద పేరుకుని పైపును పట్టేస్తుంది. దాన్ని లేపడానికి మడ్‌ను గట్టిగా తోద్దామా అంటే, పొడవు పెరిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతూ పోతుంది గానీ, లోతు పెరగదు కాబట్టి రాయి బలం పెరగదు. కొంచెం ఎక్కువైతే రాయి పగిలి మడ్ అందులోకి పోతుంది, తక్కువైతే గోడలు కూలుతాయి. విందులో అప్పడం నలుపుతూ తేల్చే సంగతా ఇది?

అసలు బోర్ల గురించి మాట్లాడే అర్హత ఆయనకెక్కడిదో నాకు అర్థం కాదు. మా చేలో బోరు వేయించినప్పుడు, కొబ్బరికాయను అరచేతిలో పెట్టుకుని తిరిగే మనిషిని వెంటపెట్టుకొచ్చింది ఈ మామయ్యే. కాయ లేచి నిలబడిన చోటే మా నాన్న అప్పు చేసి బోరు వేయిస్తే దుమ్ము తప్ప చుక్క నీరు రాలేదు. దానికి ఆయన ఇచ్చిన వివరణ, బండిని కాయ లేచిన చోటికి గజం పక్కన నిలిపారని! తప్పు మా నాన్నదట.

మా పనిలో బిట్ ఎక్కడుందో భూమి ఆకర్షణనూ అయస్కాంత క్షేత్రాన్నీ కొలిచే పరికరాలు, మడ్‌లోనే ఒత్తిడి అలలుగా పైకి చెబుతుంటాయి. దిశలో ఒక్క డిగ్రీ తప్పితే 10 కిలోమీటర్ల చివర సుమారు 175 మీటర్లు పక్కకు పోతాము. గజం తేడాకు మా నాన్నను నలుగురిలో నిలదీసిన మామయ్య, ఈ 175 మీటర్ల లెక్కకు ఏ కొబ్బరికాయను పిలిపిస్తారో కాస్త సెలవియ్యాలి.